పందెం పొద్దున తాళ్ల పని

“అదేంది నాయనా, పందెం పెట్టుకొని ఇప్పుడు తాళ్లు కడతా ఉండావు?” నా చేతిలో ఫోన్ లాక్కుని అమ్మ అడిగేసింది. తిరుపతిలో రాత్రి ఏడు. అమెరికాలో కొలంబియా నది ఒడ్డున తమ్ముడికి ఉదయం ఆరున్నర.

వాడిది ఔట్‌రిగ్గర్ కెనూ. ఆరుగురు కూర్చునే పడవ, సుమారు 45 అడుగులు. ట్రైలర్ మీద విడిభాగాలుగా వస్తుంది. పడవ వేరే, ఎడమపక్క తేలే దుంగలాంటి ‘అమా’ వేరే, రెండింటినీ కలిపే ‘ఇయాకో’ కర్రలు వేరే. అన్నీ ఒడ్డునే బిగించాలి. కాలు పడవకి ఆనించి తాడు లాగుతున్నాడు, చుట్టు మీదకి చుట్టు ఎక్కకుండా. ఇది వదులైతే నడినీళ్లలో బోల్తానే.

నాకైతే అసలు టెన్షన్ పడవల లెక్కలో కనిపించింది. టీములు ఎక్కువ, పడవలు తక్కువ. ఆడవాళ్ల రేసు ముగిసి వాళ్లు తిరిగొస్తే గానీ వీళ్లకి పడవ లేదు. వాళ్లు దిగగానే లోపలి నీళ్లు తోడేసి వీళ్లు ఎక్కాలి. ఈలోగా కెప్టెన్ల మీటింగ్, లైఫ్ జాకెట్ల తనిఖీ. సీట్లు మాత్రం ముందే ఖాయం. మొదటి సీటు వేగమే అందరి వేగం, ఆరో సీటువాడు తెడ్డుతోనే దారి మళ్లిస్తాడు. మావాడు మూడు.

ఏటికి ఎదురెళ్లేటప్పుడు ఒడ్డు వారగా పోతారట, అక్కడ ప్రవాహం తక్కువని.

“తెప్పోత్సవంలో స్వామే నిదానంగా తిరుగుతాడు, వీళ్లకేం తొందరో” అంది అమ్మ.

చిత్రాన్నం డబ్బా కారులోనే మర్చిపోయాడట. కారేమో ఎక్కడో దూరంగా పార్కింగ్‌లో. పందెం సంగతి వదిలేసి ఆమె ఇప్పుడు దానికి తిడతా ఉంది.