చట్టం చేసిన తరువాత పని

నిన్న బాగ్‌లింగంపల్లిలో జరిగిన ఒక చిన్న సమావేశంలో, హెచ్‌ఐవీతో జీవిస్తున్న ఒక సోదరి, విషయం తెలియగానే ఇంటి యజమాని తనను ఎలా ఖాళీ చేయించారో చెప్పి, "మాకోసం చట్టం ఉందంటారు కదా, అది ఎక్కడుందండీ?" అని వేదికపై ఉన్న శాసనసభ్యుణ్ణి సూటిగా అడిగారు. ఆయన మందుల గురించి చాలాసేపు మాట్లాడారు గానీ, అద్దె ఇంటి ఊసెత్తలేదు.

ఆమె అడిగినది హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం గురించి. 2014లో రాజ్యసభ ముందుకు వచ్చిన ఆ బిల్లుకు 2017లో గానీ ఉభయసభల ఆమోదం దొరకలేదు. చట్టం అమలులోకి వచ్చింది 2018 సెప్టెంబరు 10న. ఇల్లు, ఉద్యోగం, చదువు, వైద్యం, వీటిలో దేనిలోనూ వివక్ష చూపరాదని, సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదని అది చెబుతోంది. చికిత్సను మాత్రం ప్రభుత్వం సాధ్యమైనంత మేరకు అందిస్తే చాలన్నట్లు రాశారు. ఈ వెసులుబాటు నాకు మింగుడుపడదు.

ఈ చట్టం ఉల్లంఘనలపై ఫిర్యాదులు వినేందుకు రాష్ట్రం నియమించే అధికారి, అంటే అంబుడ్స్‌మన్, ఫిర్యాదుపై 30 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలి. వివక్షకు భయపడేవారు పరీక్షకే రారు కనుక, వ్యాధి వ్యాప్తిని ఆపడంలో ఈ నిబంధన మందులకు తీసిపోదని నా అభిప్రాయం. ఇప్పటివరకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని గడువులోగా తేలాయో ప్రశ్నోత్తరాల సమయంలో అడగమని మా నియోజకవర్గ సభ్యుడికి లేఖ రాస్తున్నాను.