లాయర్ చుట్టిన సున్నా

"ఐపీ పెట్టాడు" అనే మాట చిన్నప్పటి నుంచి తిట్టులాగే విన్నాను. అందుకే ఇక్కడ అమెరికాలో దివాలా లాయర్ కోసం వెతుకుతుంటే ఫోన్ ఎవరికీ కనపడకుండా పట్టుకున్నాను. మొదట మాట్లాడినాయన నా కాగితాలేవీ చూడకుండానే "అప్పులన్నీ పోతాయి, ఫీజు కట్టేయండి" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశా.

రెండో ఆవిడ ముందు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగింది. ఒక్కో పేజీ తిప్పుతూ ఒక లైను దగ్గర ఆగి, పెన్నుతో సున్నా చుట్టి, "ఈయనెవరు?" అంది. మా బావగారు. నాలుగు నెలల కిందట పరువు కోసం ఆయన బాకీ ముందు తీర్చేశాను. దివాలా పిటిషన్‌కి ముందు ఏడాదిలోపు దగ్గరి బంధువులకి అలా కట్టిన డబ్బుని, కేసులో మన ఆస్తులూ అప్పులూ చూసే ట్రస్టీ వాళ్ల నుంచి వెనక్కి రాబట్టొచ్చట! నేనేదో మంచిపని చేశాననుకున్నా.

ఇక్కడి దివాలా చట్టంలో మాలాంటివాళ్లకి ముఖ్యంగా రెండు దారులు. చాప్టర్ 7 అయితే చట్టం మనకి వదిలేసేవి పోను మిగతా ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకి పంచుతారు, మిగిలిన క్రెడిట్ కార్డు బాకీల్లాంటివి సాధారణంగా రద్దవుతాయి. చాప్టర్ 13లో జీతంలోంచి 3 నుంచి 5 ఏళ్లు కట్టుకుంటూ పోవాలి. చదువు అప్పు మాత్రం రెండింట్లోనూ అంత తేలిగ్గా వదలదు. ఇల్లు, కారుల్లో ఎంతవరకు మనకి మిగులుతుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. లోకల్ లాయర్ కావాలని అందరూ ఎందుకంటారో అప్పుడర్థమైంది.

పిటిషన్ వేయగానే వసూలు ఫోన్లు ఆగాలట. సరే, బావగారి ఫోన్ సంగతేంటి?