సూజ్దల్‌లో సోచివో

మాస్కోలో జనవరి 3న ఒక రెస్టారెంట్‌లో ‘క్రిస్మస్ ప్రత్యేకం’ అని ఒలివియే సలాడ్ పెట్టి మామూలు ధరకు రెట్టింపు వేశారు. డబ్బు కంటే ఆ పేరే ఎక్కువ చిరాకు తెప్పించింది. ఒలివియేలో సాసేజి, ఉడికించిన గుడ్లు, మయొనేజు ఉంటాయి. అక్కడి ఆర్థడాక్స్ క్రిస్మస్ జనవరి 7న. నవంబరు 28 నుంచి జనవరి 6 దాకా 40 రోజులు ఉపవాస దీక్ష. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఒలివియే కొత్త సంవత్సరం బల్ల మీది వంటకం. సోవియట్ కాలంలో క్రిస్మస్‌ను పక్కకు నెట్టేశారు. 1935 చివర్లో క్రిస్మస్ చెట్టును మాత్రం కొత్త సంవత్సరం పేరుతో తిరిగి రానిచ్చారు. విందు కూడా డిసెంబరు 31 రాత్రికి మారిపోయింది. జనవరి 7 మళ్ళీ సెలవైంది 1991లోనే.

వ్లాదిమిర్‌లో రైలు దిగి సూజ్దల్ అనే చిన్న ఊరికి బస్సెక్కాం. సెలవుల వారం కాబట్టి గది అద్దె మండిపోయింది. కానీ 6వ తేదీన మేం దిగిన ఇంటి పెద్దావిడ వంటగదిలోకి రానిచ్చారు, అది చాలు.

ఆ రోజును సోచెల్నిక్ అంటారు. సోచివో అనే వంటకం వల్ల వచ్చిన పేరది. కూత్యా అని కూడా అంటారు. చూడటానికి మన గోధుమ పాయసంలా ఉంటుంది గానీ పాలు, నెయ్యి పడవు. ఆ నునుపంతా గసగసాల నుంచే రావాలి. ఒక గ్లాసు గోధుమలు రాత్రే నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళలో చిటికెడు ఉప్పుతో సన్న సెగన ఉడికిస్తారు. పొట్టు తీసినవైతే గంటలోపు, పొట్టుతోటివైతే రెండు గంటలు. నానడం చాలకపోతే పైన చిట్లి లోపల పలుకు మిగిలిపోతుంది.

వంద గ్రాముల గసగసాల మీద మరిగే నీళ్ళు పోసి గంట ఉంచి, పూర్తిగా వంపేస్తారు. తర్వాత మాంసం రుబ్బే మరలో రెండు మూడుసార్లు తిప్పాలి, తెల్లటి పాలు ఊరేదాకా. తడి మిగిలితే గింజలు నలగకుండా జారిపోతాయి, పంటికింద ఇసుకలా తగులుతాయి. కూర్మాకు గసాలు నూరినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గోధుమలు గోరువెచ్చగా అయ్యాకే మూడు నాలుగు చెంచాల తేనె; వేడి మీద వేస్తే వాసన పోతుంది. కిస్మిస్, దంచిన అక్రోట్లు చివర్లో. మరీ గట్టిపడితే రెండు చెంచాల వ్జ్వార్ పోసి వదులు చేస్తారు.

వ్జ్వార్ అంటే ఎండు పళ్ళ నీళ్ళు. రెండు లీటర్లకు నాలుగు వందల గ్రాముల పళ్ళు. గట్టివి కాబట్టి బేరి ముక్కలు ముందు, తర్వాత ఆపిల్, ఆఖర్న ప్రూన్స్, అంటే ఎండు ప్లమ్ పళ్ళు. అన్నీ ఒకేసారి వేస్తే ప్రూన్స్ చితికి నీళ్ళు మసకబారతాయి. మూత పెట్టి చల్లారనివ్వాలి. రుచి దిగేది అప్పుడే.

మొదటి నక్షత్రం కనబడ్డాకే తినాలంటారు. ఆ సాయంత్రం అంతా మబ్బే. చర్చిలో ఆరాధన ముగిశాక మధ్యకు తెచ్చి నిలిపే కొవ్వొత్తినే నక్షత్రంగా తీసుకుంటారని ఆవిడ చెప్పారు.

పక్క పొయ్యి మీద 7వ తేదీకి ఖొలదేత్స్ ఉడుకుతోంది: పంది కాళ్ళు, ఎద్దు పిక్క ఎముక. మన కాళ్ళ పులుసు లాంటిదే, కాకపోతే చల్లార్చి గడ్డకట్టించి తింటారు. ఆరేడు గంటలు, చిన్న బుడగలకు మించి మరగకూడదు; మరిగితే మసకబారుతుంది. మధ్యలో నీళ్ళు పోస్తే గట్టిపడదు. నీళ్ళు ఇగురుతాయి కాబట్టి ఉప్పు చివర్లోనే. వేళ్ళ మధ్య రాస్తే జిగురుగా అంటుకోవాలి, అప్పుడే దించి వెల్లుల్లి వేస్తారు. దీక్షలో ఉన్న ఆవిడ రుచి చూడరు. ఉప్పు చూసి చెప్పమని గరిటె నాకు అందించారు.

మిగిలిన గసగసాలు నూరకుండానే సీసాలో ఎత్తి పెట్టారు. జనవరి 18న, బాప్తిస్మ పండుగ ముందు రోజు, కూత్యా మళ్ళీ వండాలి. నూరి దాచితే చేదెక్కుతాయట.