పాత స్థలం అమ్మాక పన్ను లెక్క: 2001 ధర కాగితం నుంచి రిటర్ను దాకా నా అనుభవం

మా అమ్మ పేరున ఉన్న 300 గజాల ఇంటి స్థలాన్ని 2025 జనవరిలో 72 లక్షలకు అమ్మాం. నాన్న 1992లో 60 వేలకు కొన్నది, ఆయన తర్వాత 2009లో అమ్మకు వచ్చింది. పన్ను లెక్కా రిటర్నూ నేనే చూశాను. ఇలాంటి అమ్మకం పెట్టుకున్నవాళ్లంతా మొదట అడిగేది ఒకటే: "పన్నెండున్నర శాతమా, ఇరవై శాతమా?" అంకెలు చేతిలో ఉంటే ఆ జవాబు ఐదు నిమిషాల పని. ఆ అంకెలు సంపాదించడం, పనులు సరైన వరుసలో చేయడం మాత్రం అంత తేలిక కాదు. అసలు డబ్బు తేడా అక్కడే వస్తుంది.

ముందు నిబంధన. 2024 జూలై 23 బడ్జెట్‌లో భూములు, ఇళ్ల మీద దీర్ఘకాలిక మూలధన లాభానికి (చాలాకాలం ఉంచుకున్న ఆస్తి అమ్మితే వచ్చే లాభానికి) ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ఖరీదును పెంచి చూపడం, తీసేసి, పన్ను రేటును 20 నుంచి 12.5 శాతానికి దించారు. పాత ఆస్తులున్నవాళ్లు గోల పెట్టడంతో ఆగస్టులో సవరణ వచ్చింది. 2024 జూలై 23కు ముందు సంపాదించిన స్థలం, ఇల్లు అయితే, భారత్‌లో నివాసి అయిన వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి ఒక వెసులుబాటు ఇచ్చారు. కొత్త పద్ధతిలో పన్ను పాత పద్ధతికన్నా ఎక్కువైతే ఆ ఎక్కువ భాగాన్ని వదిలేస్తారు. చట్టం మాట ఇంతే. అంటే లాభం ఎప్పుడూ ఇండెక్సేషన్ లేకుండానే లెక్కకొస్తుంది, పాత పద్ధతి పన్నుకు పైకప్పు మాత్రమే. అందుకే ఇండెక్సేషన్ వేస్తే నష్టం తేలినా ఆ నష్టాన్ని తర్వాతి ఏళ్లకు మోసుకెళ్లడం కుదరదు.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, కొన్న ధర బదులు ఆ తేదీ నాటి విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. వారసత్వంగా వచ్చినా, ముందు యజమాని 2001కి ముందు కొన్నదైతే చాలు. 60 వేలు పట్టుకుని కూర్చోనక్కర్లేదన్నమాట. అయితే 2020 ఫైనాన్స్ చట్టం దీనికో గొళ్లెం వేసింది. ఆ తేదీన స్టాంపు డ్యూటీ కోసం వాడిన ప్రభుత్వ విలువ దొరుకుతుంటే, మన విలువ దాన్ని దాటకూడదు. ఇంజినీరు దగ్గర గజం 2,400 అని వాల్యుయేషన్ రిపోర్టు తెచ్చుకున్నా, రిజిస్ట్రేషన్ పుస్తకంలో 1,500 ఉంటే 1,500 దగ్గరే ఆగాలి. అందుకే ఫీజు కట్టి వాల్యుయర్ దగ్గరికి పోయేముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లాను.

అక్కడ అడగాల్సింది "మార్కెట్ విలువ సర్టిఫికెట్". అర్జీలో "1-4-2001 నాటికి" అని తేదీతో సహా రాయకపోతే ఇవాళ్టి ధర వేసి ఇచ్చేస్తారు. సర్వే నంబరు, ప్లాటు నంబరు, అప్పటి గ్రామం పేరు, దస్తావేజు జిరాక్సు జతచేయాలి. ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసిపోయిన ఊళ్లు 2001లో పంచాయతీలు. అప్పటి పుస్తకంలో వార్డు, బ్లాకు ఉండవు, ఇప్పటి డోరు నంబరుతో వెతికితే ఏమీ దొరకదు. ఇంకో చిక్కు, అదే సర్వే నంబరుకు ఎకరా రేటు, గజం రేటు రెండూ ఉండటం. నాన్న కొన్నది లేఅవుటు ప్లాటు, దస్తావేజులోనే గజాల్లో ఉంది. కాబట్టి ఇంటి స్థలం రేటే వర్తించాలని అర్జీలో స్పష్టంగా రాశాను. ఎకరా రేటును గజాల్లోకి మారిస్తే విలువ చాలా పడిపోతుంది. దస్తావేజు కాపీతో పాటు ఆ ప్రాంతంలో 2001 దరిదాపుల్లో జరిగిన ఒకటి రెండు రిజిస్ట్రేషన్ల వివరాలు కూడా ఉంటే మాట గట్టిపడుతుంది. ఈ కాగితం బేరం మొదలవకముందే తెచ్చుకోవడం మేలు. పన్ను ఎంతో తెలియకుండా ధర మాట్లాడటం గుడ్డిబేరం.

మాకు గజం 1,500 చొప్పున 4,50,000 వచ్చింది. ఇండెక్సేషన్‌కు ప్రభుత్వం ఏటా ప్రకటించే ఇండెక్సు 2024-25కు 363, 2001-02కు 100. ఇండెక్సేషన్ వేస్తే ఖరీదు 16,33,500. ఇక్కడ వారసులు ఒక సంగతి గమనించాలి. ఇండెక్సు ఏ ఏడాది నుంచి వేయాలి, తండ్రి దగ్గరున్న కాలం నుంచా, వారసుల చేతికొచ్చిన ఏడాది నుంచా? ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 48 వివరణను యథాతథంగా చదివితే రెండోదే అనిపిస్తుంది. 2009-10 ఇండెక్సు 148తో వేస్తే ఖరీదు 11 లక్షలకు కాస్త పైన ఆగిపోతుంది. కానీ 2011లో బొంబాయి హైకోర్టు మంజులా షా కేసులో ముందు యజమాని కాలాన్ని కలిపే లెక్కించాలని తీర్పిచ్చింది. మేం దాన్ని పట్టుకునే 2001-02 నుంచి వేశాం. ఇక్కడే ఐదు లక్షల పైచిలుకు తేడా.

మధ్యవర్తి కమిషను 72,000 బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకున్నాం. నగదుగా ఇస్తే ఖర్చుగా చూపడానికి ఆధారం ఉండదు. అమ్మకం ధరలోంచి అది తీస్తే 71,28,000. ఇక లెక్క:

కొత్త పద్ధతి: 71,28,000 – 4,50,000 = 66,78,000. దీనిపై 12.5 శాతం, 8,34,750.
పాత పద్ధతి: 71,28,000 – 16,33,500 = 54,94,500. దీనిపై 20 శాతం, 10,98,900.

కొత్తదే మేలు. ఏ ఆస్తికైనా ఇది చూడటానికి చిన్న సూత్రం ఉంది. అమ్మిన ఏడాది ఇండెక్సును కొన్న ఏడాది ఇండెక్సుతో భాగించండి. దాన్ని 0.2తో గుణించి, 0.125 తీసి, 0.075తో భాగించండి. వచ్చిన అంకెకన్నా ఎక్కువ రెట్లు ధర పెరిగితే 12.5 శాతం లాభం, తక్కువ పెరిగితే ఇండెక్సేషన్ లాభం. 2024-25లో అమ్మిన 2001 నాటి ఆస్తికి ఇది 8 రెట్లు. 2014-15లో కొన్నదానికి (ఇండెక్సు 240) సుమారు 2.37 రెట్లు. 2025-26లో అమ్మితే ఇండెక్సు 376 కాబట్టి 2001 ఆస్తికి 8.36 రెట్లు. ఊళ్లలో స్థలాలు చాలావరకు ఈ గీత దాటేశాయి. అపార్టుమెంటు ఫ్లాట్లే దాటక ఇండెక్సేషన్ వైపు మిగులుతుంటాయి.

ఇక్కడితో ఆగిపోతే లెక్క తప్పుతుంది. మేం 54ఈసీ బాండ్లు (ఆ సెక్షన్ కింద, లాభాన్ని పెడితే అంతమేరకు పన్ను మినహాయింపు ఇచ్చేవి) కొన్నాం, దాంతో ఫలితం తిరగబడింది. పాత నిబంధనల ప్రకారం పన్ను లెక్కించడమంటే ఆ నిబంధనల్లోని మినహాయింపులనూ కలుపుకునే కదా. 50 లక్షల బాండ్లు రెండు వైపులా తీసేస్తే:

కొత్త పద్ధతి: 16,78,000పై 12.5 శాతం, 2,09,750.
పాత పద్ధతి: 4,94,500పై 20 శాతం, 98,900.

మా అంకెల్లో బాండ్ల మొత్తం 35 లక్షల 22 వేలు దాటినప్పటి నుంచి పాత పద్ధతే చవక. "పన్నెండున్నర తీసుకోండి, కళ్లు మూసుకుని" అనే సలహా బాండ్లు కొనేవాళ్లకు పనికిరాదు. మినహాయింపు తీశాకే రెండూ పోల్చాలి. ఇంకో లాభం, మొత్తం ఆదాయం 50 లక్షల లోపుకు రావడంతో 10 శాతం సర్‌చార్జి కూడా తప్పింది. సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిపితే బాండ్లు లేకుండా సుమారు తొమ్మిదిన్నర లక్షలు కట్టాల్సింది, బాండ్లతో 1,02,856 దగ్గర తేలింది. అమ్మకు పెన్షను, వడ్డీ కలిపి కనీస పరిమితి దాటిన ఆదాయం ఉంది కాబట్టి ఇంతే. వేరే ఆదాయం తక్కువగా ఉన్న నివాసికైతే కనీస పరిమితిలో మిగిలిన భాగాన్ని ఈ లాభంలోంచి కూడా తీసుకోవచ్చు. 80సీ, 80డీ లాంటి పొదుపు, బీమా మినహాయింపులు మాత్రం ఈ లాభం మీద పనిచేయవు.

బాండ్ల సంగతి. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి సంస్థలవి ఉంటాయి. ఒక్కోటి 10,000. వడ్డీ ఏడాదికి 5.25 శాతం, దానికి పన్ను ఉంటుంది. ఐదేళ్లు కదపకూడదు, తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నా మినహాయింపు పోయి ఆ ఏడాది పన్ను పడుతుంది. గడువు అమ్మిన తేదీ నుంచి ఆరు నెలలు. మార్చి దాటితే మరో 50 లక్షలు కొనవచ్చనుకునేవాళ్లున్నారు. ఆ సందు చాన్నాళ్ల కిందటే మూసేశారు, రెండు ఆర్థిక సంవత్సరాలకూ కలిపి ఒక అమ్మకానికి 50 లక్షలే. రిటర్ను గడువు దాకా టైముందని ఆగితే ఆరు నెలలు ముందే దాటిపోతాయి. జనవరి అమ్మకానికి జూలైతో సరి. చెక్కు ఇచ్చిన రోజును నమ్ముకోకుండా, డబ్బు సంస్థ ఖాతాలో పడే రోజును చూసుకుని రెండు మూడు వారాల ముందే కట్టడం మంచిది. వడ్డీ తక్కువన్నది నిజమే, కానీ 50 లక్షల మీద ఎనిమిదిన్నర లక్షల పన్ను మిగిలినప్పుడు ఐదేళ్ల 5.25 శాతం గురించి నేను గొణగను.

ఇల్లు కొనే దారి 54ఎఫ్. స్థలం అమ్మినవాళ్లకు వర్తించేది ఇదే, ఇల్లు అమ్మినవాళ్లది సెక్షన్ 54. ఈ రెంటినీ కలగలిపేస్తుంటారు. 54లో లాభాన్ని పెడితే చాలు, 54ఎఫ్‌లో ఖర్చులు పోను వచ్చిన మొత్తం అంతా ఇంట్లో పెట్టాలి, తక్కువ పెడితే ఆ నిష్పత్తిలోనే మినహాయింపు. అమ్మిన రోజుకు ఒకటికన్నా ఎక్కువ ఇళ్లుంటే అసలే రాదు. రిటర్ను గడువులోపు ఖర్చు కాని డబ్బును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచితే చెల్లదు. మాకు కొత్త ఇల్లు అవసరం లేదు కాబట్టి ఆ జోలికి పోలేదు.

రిజిస్ట్రేషన్ వైపు రెండు విషయాలు. ప్రభుత్వ విలువ 66 లక్షలు, మేం చూపింది 72, కాబట్టి 50సీ బాధ లేదు. ప్రభుత్వ విలువ మన ధరకన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే ఆ విలువే అమ్మకం ధర అయిపోతుంది. రెండోది బయానా. స్థలం కోసం 20,000, అంతకుమించి నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే ప్రమాదం ఉంది. అగ్రిమెంటు రోజు డబ్బు కూడా బ్యాంకులోనే వేయించుకున్నాం.

50 లక్షలు, ఆపైన అమ్మకానికి కొన్నవాళ్లు మనకిచ్చే డబ్బులోంచి 1 శాతం కోత (టీడీఎస్) పెట్టి, దాన్ని మన పేరున 26క్యూబీ ఫారంతో ప్రభుత్వానికి కట్టాలి. మాకు 72,000. కోసిన నెల ముగిశాక 30 రోజుల గడువు. ఇది అవతలివాళ్ల పని అనుకుని వదిలేయకూడదు. పాన్‌లో ఒక అక్షరం తప్పితే ఆ 72,000 మన 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్ను చూపే పట్టికలో) కనిపించదు, సవరణకు మళ్లీ కొన్నవాళ్లనే బతిమాలాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్లు ఫోనెత్తకపోతే దిక్కులేదు. అందుకని చలానా కట్టేముందే నంబర్లు సరిచూసి, తర్వాత 16బీ (కోతకు వాళ్లిచ్చే సర్టిఫికెట్) తీసుకున్నాను. అమ్మేవాళ్ల పాన్‌కు ఆధార్ లింకు లేకపోతే 1 శాతం బదులు 20 శాతం కోస్తారు. పెద్దవాళ్ల పాన్ విషయంలో ఇది అగ్రిమెంటుకు ముందే చూసుకోవాలి.

రిటర్ను ఐటీఆర్-2. 2025-26 అసెస్‌మెంటు సంవత్సరానికి (అంటే 2024-25 ఆదాయానికి) గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు, ఆపై ఒక్కరోజు పొడిగించి 16కు జరిపారు. ఫారంలో అమ్మకం తేదీ 2024 జూలై 23కు ముందా, తర్వాతా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. ఖరీదు రెండు రకాలుగానూ నింపాలి, ఇండెక్సేషన్ లేకుండా ఒకటి, దానితో ఒకటి. రెండోది ఖాళీగా వదిలేస్తే పాత పద్ధతి లాభం దక్కదు. కొన్నవాళ్ల పేరు, పాన్, వాటా, చిరునామా, పిన్‌కోడ్ కూడా అడుగుతుంది, 16బీ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. 30 లక్షలు, ఆపైన అమ్మకాలను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది కాబట్టి ఏఐఎస్‌లో (మన లావాదేవీల గురించి శాఖ దగ్గరున్న వార్షిక సమాచార పత్రంలో) కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు వారసులు కలిసి అమ్మితే ఒక్కొక్కరి ఏఐఎస్‌లోనూ మొత్తం ధర పడొచ్చు. తన వాటా ఎంతో అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, రిటర్నులో వాటానే చూపాలి.

ముందస్తు పన్ను అమ్మకు వర్తించలేదు. 60 ఏళ్లు దాటి, వ్యాపార ఆదాయం లేని నివాసులకు ఆ బాధ్యత లేదు. 72,000 పోను మిగిలిన 30,856 రిటర్నుకు ముందు కట్టి, చలానా వివరాలు వేశాం. చిన్నవాళ్లయితే జనవరి అమ్మకానికి మార్చి 15లోపు కట్టకపోతే వడ్డీ మొదలవుతుంది.

వారసుల్లో ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే లెక్క వేరు. వాళ్లకు ఇండెక్సేషన్ ఎంపిక లేదు, 12.5 శాతమే. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు, ఆ ఏడాది నివాసి హోదా ఏమిటన్నదే లెక్క. వాళ్ల వాటా మీద కోత 1 శాతం కాదు, సెక్షన్ 195 కింద లాభం రేట్లతో ఉంటుంది. తక్కువ కోతకు ఫారం 13తో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలి. లేదంటే కొన్నవాళ్లు భయపడి మొత్తం ధర మీదే కోసేస్తారు, ఆ డబ్బు రీఫండ్ దాకా ఇరుక్కుపోతుంది.

కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. 2026 మార్చి 31 వరకు చేసిన అమ్మకాలకు, రిటర్ను ఆ తర్వాత వేసినా, 1961 చట్టమే వర్తిస్తుంది. ఆపైన అమ్మేవాళ్లకు సెక్షన్ నంబర్లన్నీ మారిపోతాయి కాబట్టి, నేను రాసిన నంబర్లను కొత్త ఫారాల్లో వెతకొద్దు.