సిగ్విన్‌లో ఎగ్జిమ్: అడ్మినిస్ట్రేటర్ అయినా రూట్ కాలేదు

నిన్న రాత్రి పదకొండున్నరకు, మూడు వారాల తర్వాత, మా ఆవిడ పెట్టెలో మొదటి మెయిల్ పడింది! సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత డెస్క్‌టాప్ మీద విండోస్ 10, అందులో యూనిక్స్ ప్రోగ్రాములను విండోస్‌లో నడిపే సిగ్విన్, దానిపై ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్. సర్వీసు లేవడం, మెయిల్ అందుకునే పోర్టు 25 తెరుచుకోవడం మొదటి రోజే అయిపోయాయి.

మొండికేసింది ఒక్కటే. షెల్ నుంచి మెయిల్ ఆజ్ఞతో నాకు నేను పంపుకున్నవి చేరేవి, ఆమెకు పంపినవి క్యూలోనే ఆగిపోయేవి. 197610 అనే యూజర్ నంబరుకు మారడం కుదరలేదని, 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని లాగ్‌లో ప్రతిసారీ అదే వరుస కనిపించేది. సిగ్విన్ స్థానిక ఖాతాల ఆర్‌ఐడీకి (విండోస్ ఖాతాకిచ్చే సంఖ్యకు) 196608 కలుపుతుంది కనుక 1001 అయిన నేను 197609, 1002 అయిన ఆమె 197610. ఫోల్డర్ అనుమతులే కారణమని తలచి మెయిళ్ల క్యూ ఉండే స్పూల్ ఫోల్డర్‌కు 1777 (అందరూ రాయగలిగే అనుమతి) ఇచ్చాను, ఫలితం లేదు. షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను. ఐడీ ఆజ్ఞ గుంపుల్లో 544 (అడ్మినిస్ట్రేటర్ల గుంపు) చూపింది కనుక ఇక రూట్‌నే, అంటే యూనిక్స్‌లో సర్వాధికారాలున్న యూజర్‌నే అనుకున్నాను. పన్నెండు మెయిళ్లు పంపితే పన్నెండూ ఆగాయి.

విసిగి, అదే ఉత్తరాన్ని టెల్నెట్‌తో 127.0.0.1కి (అదే కంప్యూటర్‌లోని పోర్టు 25కి) చేత్తో టైపు చేసి పంపితే రెండు సెకన్లలో చేరింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. యూనిక్స్‌లో ఎగ్జిమ్‌ను ఎవరు పిలిచినా సెట్‌యూఐడీ బిట్ (ఫైలు యజమాని హక్కులతో ప్రోగ్రామును నడిపించే గుర్తు) వల్ల అది రూట్‌గా లేస్తుంది. విండోస్‌లో ఆ బిట్‌కు విలువ లేదు కనుక నా షెల్ నుంచి లేచిన ఎగ్జిమ్ నేనుగానే మిగిలిపోయింది. నా హక్కులను చూపే హూయామై ప్రివ్ ఆజ్ఞ జాబితాలో ఇరవైకి పైగా హక్కులున్నాయి గాని, మరొకరి పాస్‌వర్డ్ లేకుండా వారిగా మారడానికి కావలసిన టీసీబీ ప్రివిలేజ్ మాత్రం లేదు. అది సిస్టమ్ ఖాతాకు ఉంది, సర్వీసు నడిచేది ఆ ఖాతాతోనే, అందుకే పోర్టు ద్వారా ఇచ్చిన ఉత్తరం చేరింది.

పాత సూచనలను నమ్మి సిగ్‌సర్వర్ అనే ప్రత్యేక ఖాతా కోసం రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. విండోస్ సర్వర్ 2003లో సిస్టమ్ ఖాతా టోకెన్ (ప్రోగ్రాము ఎవరిగా నడుస్తోందో చెప్పే గుర్తింపు) తయారుచేసే హక్కును కోల్పోయినందున ఆనాడు అది అవసరమైంది. 2019లో వచ్చిన సిగ్విన్ 3.0, పాస్‌వర్డ్ లేకుండా మరొకరిగా మారే ఎస్4యూ లాగాన్‌కు మారాక సిస్టమే చాలు. అంతటి హక్కులున్న అదనపు ఖాతాను ఇంటి కంప్యూటర్‌లో ఉంచడం నా దృష్టిలో ప్రమాదకరం, అందుకే తొలగించాను.

ఇప్పుడు మట్ అనే మెయిల్ ప్రోగ్రాములో ఎస్‌ఎమ్‌టీపీ యూఆర్‌ఎల్‌ను లోకల్‌హోస్ట్ 25కి మళ్లించాను, స్పూల్ అనుమతులను వెనక్కు తెచ్చాను. ఇకపై పెట్టెలను నెట్‌వర్క్ డిస్క్‌కు తరలించాలని ఉంది. ఎస్4యూ టోకెన్‌తో షేర్‌లోకి ప్రవేశం దొరకదు కనుక, పాస్‌వర్డ్ ఆజ్ఞకు ఆర్ ఇచ్చి పాస్‌వర్డ్‌ను రిజిస్ట్రీలో దాచే పద్ధతిని ముందు ఒక ఖాళీ ఖాతాపై ఈ ఆదివారం ప్రయత్నిస్తాను.