ఎనిమిదో నెల పిల్ల

ఏడో నెలలో పుడితే బతుకుతారు గానీ ఎనిమిదో నెలలో పుడితే కష్టమని పెద్దాళ్ళు అంటుంటారు. మనవరాలు పుట్టిందని ఫోన్ చేస్తే, సంతోషం అన్నవాళ్ళకంటే ఈ మాట ఎత్తినవాళ్ళే ఎక్కువ. నాకు ఒళ్ళు మండిపోయింది. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువుంటే ఊపిరితిత్తులు అంత తయారవుతాయి. అలాంటప్పుడు ఏడుకంటే ఎనిమిది నయమా, కాదా?

అమ్మాయికి బీపీ బాగా పెరగడంతో 32 వారాలకే అమలాపురంలో ఆపరేషన్ చేశారు. పాప 1,480 గ్రాములు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఆ రోజే పాపని కాకినాడ తీసుకెళ్ళాం. తల్లేమో ఇక్కడ మంచం మీద, పిల్లేమో యానాం దాటి అక్కడ అద్దాల పెట్టెలో. మధ్యలో గౌతమీ గోదావరి.

ముర్రుపాలు మొదట్లో చెంచాడైనా రాలేదు. ఆ కాసినీ సిరంజిలోకి తీసి, పేరూ టైమూ రాసి ఐస్ బాక్సులో పెడితే, మా అబ్బాయి ఎదుర్లంక వంతెన మీదుగా బండి మీద తెచ్చేవాడు. వీధి చివర నుంచి పాల ప్యాకెట్ తెమ్మంటే కదలని మనిషి! చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకదానితో ఒకటి కుదరాలంటే దాదాపు 34 వారాలు నిండాలట. అందాకా నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్న గొట్టంతోనే పాలు. ఆ తర్వాత ఉగ్గుగిన్నె.

లోపలికెళ్ళాలంటే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి, గాజులు తీసేయాలి. పెళ్ళయ్యాక నా చేతులు బోసిగా ఉన్నది లేదు. మనసు పీకింది. నర్సమ్మ వాదించలేదు. "నురగ బాగా పట్టించండి మామ్మగారూ, పగలకుండా వచ్చేస్తాయి" అంది. వచ్చేశాయి. ఆయన వాటిని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, "ఇవి నా దగ్గరుంటాయి, నువ్వెళ్ళు" అన్నారు.

ఈయనే ఆ మర్నాడు తాపేశ్వరం కాజాలు తెచ్చి వరండాలో అందరికీ పంచారు. ఇంటికొచ్చాక పంచుకోవచ్చు కదండీ అంటే, "పుట్టిందిగా!" అన్నారు.

అమ్మాయి వచ్చేదాకా కంగారూ పద్ధతిలో పాపని నేనే ఎత్తుకున్నాను. 1970ల చివర్లో కొలంబియాలో, ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పిల్లకి డైపరు, టోపీ, మేజోళ్ళు మాత్రం ఉంచి, మన గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా నిలువుగా పడుకోబెట్టి, గుడ్డతో కడతారు. అరచెయ్యి వేస్తే వీపంతా కప్పేసింది. భుజాల మీద మెత్తటి నూగు. ఒకసారి ఊపిరి ఆగింది, మిషన్ కూసింది, నా ప్రాణం పోయింది. నర్సమ్మ వచ్చి అరికాలి మీద వేలితో తట్టింది. పిల్ల మొహం చిట్లించి మళ్ళీ ఊపిరి అందుకుంది. నెలలు నిండని పిల్లలకి ఇది మామూలేనట, మెదడు ఇంకా నేర్చుకుంటోందట. వాళ్ళకి మామూలే!

ఇప్పుడు ఇంట్లోనే ఉంది. సాంబ్రాణి పొగ వద్దన్నారు, సున్నిపిండి అప్పుడే రుద్దొద్దన్నారు. మానేశాం. 34 వారాల్లోపు పుట్టినవాళ్ళకి నెల తిరక్కుండా కంటి రెటీనా పరీక్ష చేయించాలి, చేయించాం. బయటికి బాగానే కనబడుతున్న కళ్ళకి పరీక్షెందుకు అని దీన్ని మాత్రం ఎవరూ వదిలేయకండి.

"మూడు నెలలొచ్చాయి, ఇంకా మెడ నిలపలేదా?" అని పక్కింటావిడ రోజూ అడుగుతోంది. ఈ పిల్లలకి ఎదుగుదల లెక్క పుట్టిన తేదీ నుంచి కాదండీ, పుట్టాల్సిన తేదీ నుంచి. మా పిల్లకి రెండు నెలలు తీసేయాలి. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే. ఈ మాట ఆవిడకి చెప్పాను, రేపు మళ్ళీ చెబుతాను.

బారసాల ఇంకా పెట్టలేదు. ఈలోగా చూడాలనుకుంటే రండి. జలుబు చేసినవాళ్ళు తగ్గాక రండి. ముద్దులు వద్దు. పంపు పెరట్లో ఉంది, సబ్బు అక్కడే పెట్టాను.