వేడెక్కితే ఆగిపోయే కారు: నా అనుభవం

నిన్న హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా వెళ్లొచ్చాం, కారు ఎక్కడా ఆగలేదు. ఇలాంటి బాధే పడుతున్నవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మాది పెట్రోల్ బండి. ఊళ్లో ఎంత తిరిగినా ఏమీ కాదు. హైదరాబాద్ రోడ్డెక్కి గంట నడిచాక, జనగామ అటూ ఇటూగా, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది, వెనకాల లారీలు. పక్కకు తీసి అరగంట ఆగితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది.

సర్వీస్ సెంటర్‌లో బుకింగ్, బండి అప్పజెప్పడం, బిల్లు కట్టడం ఏవీ కష్టం కాలేదు. ముందు బ్యాటరీ మార్చారు, తర్వాత ఫ్యూయల్ ఫిల్టర్, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు. ప్రతిసారీ ‘ఇగ ఓకే సార్’ అన్నారు. పంపు వేయించాక కూడా రఘునాథపల్లి దగ్గర ఆగింది.

మళ్లీ వెళ్తే అక్కడి అడ్వైజర్ నా భార్య ముందు, పది మంది కస్టమర్ల ముందు అన్న మాట ఇది: "స్కానర్ల ఏ కోడూ వస్తలేదు సార్, బండి నార్మల్. మీరే క్లచ్ తొందరగ వదుల్తున్నరేమో, కొన్ని రోజులు డ్రైవర్‌ను పెట్టుకోండి." పాతికేళ్లుగా స్టీరింగ్ పడుతున్నాను, మేడారం జాతర రద్దీలో పస్రా రోడ్డు మీద బండికి గీత పడకుండా నడిపినవాణ్ణి. టాప్ గేర్‌లో పోతున్న బండి ఆగిపోతే క్లచ్‌కు ఏం సంబంధమని అడిగితే జవాబు లేదు. సోఫాలో కూర్చున్న కుర్రాడొకడు నవ్వాడు. మా ఆవిడ "పోనీయండి, ఇంటికి పోదాం" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్లు చేసిన టెస్ట్ డ్రైవ్ ఏంటంటే, చల్లటి ఇంజిన్‌తో కాజీపేట బ్రిడ్జి దాకా పోయి రావడం. గంట నడిస్తే వచ్చే జబ్బు పది నిమిషాల్లో ఎలా కనబడుతుంది?

ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ ఒక్క ప్రశ్న అడిగాడు. "అన్నా, ఆగినంక వెంటనే స్టార్ట్ అయితదా, చల్లబడితేనే అయితదా?" చల్లబడితేనే అన్నాను. "అయితే క్రాంక్ సెన్సార్ చూడాలె" అన్నాడు. క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ఎంత వేగంతో, ఏ స్థానంలో తిరుగుతోందో ఆ సెన్సార్ చెబితేనే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పెట్రోలు, స్పార్క్ వదులుతుంది. సెన్సార్ పాడైతే వేడికి లోపలి కాయిల్ తెగినట్టవుతుంది, సిగ్నల్ పోతుంది, ఇంజిన్ ఆగుతుంది. చల్లబడితే మళ్లీ కలుస్తుంది. ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు చూడమన్నాడు. చాలా బండ్లలో అది అస్సలు కదలకపోతే అనుమానం దీనిమీదే.

తర్వాత ఆగినప్పుడు ముల్లు కదలకపోవడం వీడియో తీశాను. సర్వీస్ సెంటర్‌కు వెళ్లి జాబ్ కార్డులో ‘వేడెక్కాక ఆగుతోంది, చల్లబడితే స్టార్ట్ అవుతోంది’ అని నా మాటల్లోనే రాయించాను. ‘స్టార్టింగ్ ప్రాబ్లం’ అని వాళ్లకు తోచింది రాస్తే ఒప్పుకోకండి. టెక్నీషియన్‌ను స్కానర్‌తో సహా పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. పెంబర్తి దాటాక ఆగింది. సెల్ఫ్ కొడుతుంటే స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. ఆ అబ్బాయి మంచివాడు, అక్కడి నుంచే ఫోన్ చేసి సెన్సార్ తెప్పించమన్నాడు. పంపు బిల్లుతో పోలిస్తే దాని ధర లెక్కలోకే రాదు.

ఇంకో మాట. మార్చిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి, ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. బానెట్ ఎత్తకుండా కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడే అడ్వైజర్‌ను ఎప్పుడూ నమ్మకండి.

అనవసరంగా మార్చిన పంపు డబ్బు అడిగితే మేనేజర్ లేబర్ చార్జీ మాత్రమే వాపస్ ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, మనం చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్ల గడువుంది. బిల్లులు, జాబ్ కార్డులు, పాత పంపు అన్నీ నా దగ్గరే ఉన్నాయి.